ఇంజన్‌కి అవార్డు మూడు లక్షల కిలోమీటర్ల తర్వాత ఇవ్వండి

మా బాబాయ్ దగ్గర 2012 మోడల్ డీజిల్ డిజైర్ ఉంది. విజయవాడలో టాక్సీగా తిప్పుతాడు. గన్నవరం ఎయిర్‌పోర్టు, తిరుపతి, శ్రీశైలం, పెళ్లిళ్ల సీజన్ వస్తే ఎక్కడికంటే అక్కడికి. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మీటరు చూశాను. 3 లక్షల 86 వేలు దాటింది. క్లచ్ ప్లేట్లు మారాయి, సస్పెన్షన్ సామాను మారింది, టైర్లు ఎన్ని జతలు మారాయో లెక్క లేదు. ఇంజన్ మాత్రం ఇంతవరకు విప్పలేదు.

డ్యాష్‌బోర్డు అరలో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. తేదీ, మీటరు రీడింగు, ఎన్ని లీటర్లు, ఏ బంకు. ఫుల్ ట్యాంక్ కొట్టించిన ప్రతిసారీ రాస్తాడు. బంకులో పంపు తనంతట తాను ఆగిపోయాక కుర్రాడిని ఇంకో చుక్క పోయనివ్వడు, లెక్క తేడా వస్తుందని. ఇప్పుడున్నది నాలుగో నోట్‌బుక్. కంపెనీ చెప్పిన మైలేజ్ 23.4. బాబాయ్ లెక్కలో తిరుపతి ట్రిప్పుకి ఏసీతో 20 దగ్గర, ఊళ్లో తిరిగితే 16. మొదటి నోట్‌బుక్ తీసి చూశాను. అందులోనూ దాదాపు అవే అంకెలు.

ఆ బండిలో ఉన్న ఇంజన్‌కి 2005లో అంతర్జాతీయ అవార్డు వచ్చిందని నేను చెబితే, బాబాయ్ స్టీరింగు తుడుస్తున్నవాడల్లా ఆగాడు. "2005లోనా? అప్పటికి ఆ ఇంజన్ ఎన్నాళ్లు తిరిగిందని ఇచ్చార్రా? ఏం చూసి ఇచ్చారు?" అన్నాడు.

నాకు టక్కున సమాధానం దొరకలేదు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

ఆ అవార్డు పేరు 'ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్'. బ్రిటన్‌లో ఇంజన్ టెక్నాలజీ మీద వచ్చే ఒక పత్రిక 1999లో మొదలుపెట్టింది. చాలా దేశాల ఆటోమొబైల్ జర్నలిస్టులు ఓట్లేసేవారు. ఇంజన్ సైజును బట్టి విభాగాలు ఉండేవి, మొత్తం మీద ఒక విజేత ఉండేది. 2005లో 1 నుంచి 1.4 లీటర్ల విభాగంలో గెలిచింది ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్. అప్పట్లో ఫియట్, జనరల్ మోటార్స్ కలిసి పనిచేసేవి కాబట్టి ఇద్దరి పేరూ దాని మీద ఉంది.

ఇప్పుడు కామన్ రైల్ అంటే మన ఊరి ట్రాక్టర్ మెకానిక్కుకి కూడా తెలుసు. అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టంలో బాగా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నిల్వ ఉంటుంది. కంప్యూటర్ ఎప్పుడు చెబితే అప్పుడు ఇంజెక్టర్ తెరుచుకుంటుంది. ఈ పద్ధతి మీద ఫియట్ చాలా పని చేసి, చివరికి హక్కులు జర్మనీ కంపెనీ బాష్‌కి అమ్ముకుంది. అది మొదట వచ్చిన కారు 1997లో ఆల్ఫా రోమియో 156. ఆ తర్వాతి మెట్టు మల్టీజెట్. ఒక్కసారి భళ్లున డీజిల్ కొట్టకుండా, ఒకే స్ట్రోకులో ఐదు సార్ల దాకా చిన్న చిన్న విడతలుగా కొడుతుంది. మంట ఒక్కసారిగా పేలదు, మెల్లగా అంటుకుంటుంది. అందుకే పాత డీజిల్ బండ్ల టకటక శబ్దం తగ్గింది. 1248 సీసీ, 75 హార్స్‌పవర్, 2000 ఆర్‌పీఎం దగ్గరే 190 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. నిండా మనుషులు, డిక్కీలో సామాను, శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు గేరు మార్చకుండా లాగేది ఆ టార్కే.

మారుతి ఈ ఇంజన్ లైసెన్సు తీసుకుని మానేసర్‌లో తయారుచేసి 2007లో స్విఫ్ట్‌లో పెట్టింది. ఆ తర్వాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్. పుణె దగ్గర రంజన్‌గావ్‌లో టాటా, ఫియట్ కలిసి తయారుచేసినవి ఇండికా విస్టాలో, పుంటోలో, లీనియాలో వచ్చాయి. ఎక్కడ చూసినా ఇదే ఉండటంతో దీనికి మన దేశపు 'జాతీయ ఇంజన్' అని పేరొచ్చింది. 2017 డిజైర్‌లో ఇదే ఇంజన్‌కి సర్టిఫికెట్ మైలేజ్ 28.4. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్యం రూల్స్ వచ్చేసరికి మారుతి డీజిల్‌నే వదిలేసింది, ఈ ఇంజన్ కథ మన దేశంలో ముగిసింది.

2005లో ఓటేసిన జర్నలిస్టులు దీన్ని ఎంచుకోవడం నూటికి నూరుపాళ్లు సరైన పని. కానీ బాబాయ్ ప్రశ్న అలాగే ఉంది. వాళ్లు చూసింది కొత్త ఇంజన్‌ని. పికప్ ఎలా ఉంది, నున్నగా తిరుగుతోందా, చప్పుడు ఎంత, మైలేజ్ ఎంత, టెక్నాలజీలో కొత్తదనం ఏముంది. ఇవన్నీ కొత్త బండి నడిపి చెప్పగలిగే సంగతులే. 3 లక్షల 86 వేల కిలోమీటర్ల సంగతి వాళ్లకు తెలిసే వీలు లేదు. మల్టీజెట్ విషయంలో ఆ తీర్పు నిలబడింది. అన్నిసార్లూ నిలబడలేదు. నా గొడవంతా అక్కడే.

ఈ పట్టుదల నాకు పుస్తకాల వల్ల రాలేదు. కొన్నేళ్ల కిందట నేను హైదరాబాద్‌లో ఒక టర్బో పెట్రోల్ కారు కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ఒక్క కంపెనీ మీద కక్షతో రాస్తున్నది కాదిది. షోరూమ్‌లో గోడ నిండా అవార్డుల ఫొటోలు. సేల్స్ అబ్బాయి బాగా మాట్లాడాడు, ఇంజన్ గురించి నేనడిగిన దానికన్నా ఎక్కువే చెప్పాడు. కాగితం మీద లీటరుకు 18కి పైన. మియాపూర్ నుంచి గచ్చిబౌలి రోజూ తిరిగితే నాకు వచ్చింది 11. సర్వీస్ సెంటర్‌లో అడిగితే డ్రైవింగ్ మార్చుకోమన్నారు. మార్చుకున్నాను. 12 వచ్చింది.

మైలేజ్‌తో సర్దుకుపోయేవాడినే. మూడేళ్ల తర్వాత ఒకసారి విజయవాడ నుంచి తిరిగొస్తుంటే సూర్యాపేట దాటాక ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. పక్కకు తీసి ఆపేలోపే ఇంజన్ చప్పుడు మారిపోయింది. పిల్లలు వెనక సీట్లో, ఎండ, హైవే మీద లారీలు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. సర్వీస్ సెంటర్ చెప్పిన ఖర్చు విని భయపడి, బండిని లారీ మీద ఆటోనగర్‌కు, బాబాయ్‌కి తెలిసిన మేస్త్రి దగ్గరికి పంపించాను.

మేస్త్రి గారు బండి కిందకు దూరి ఆయిల్ ఛాంబర్ విప్పారు. లోపల ఆయిల్ పంపు మూతికి ఒక జాలీ ఉంటుంది. ఇంట్లో టీ వడపోసే జాలీ అంత. ఇంజన్‌లో తిరిగే ఆయిలంతా దాని గుండానే పైకి వెళ్లాలి. ఆ జాలీని విప్పి నా చేతిలో పెట్టారు. కన్నాలు కనపడటం లేదు. నల్లటి ముద్ద, కాటుక గట్టిపడినట్టు. గోటితో గీరితే ఊడొచ్చింది. "ఆయిల్ పైకి ఎక్కకపోతే ఇంజన్ ఏం చేస్తుంది సార్? పంపు పీలుస్తూనే ఉంది, జాలీ ఇవ్వట్లేదు" అన్నారు. 15,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చమని సర్వీస్ పుస్తకంలో ఉంది, నేను తప్పకుండా మార్చాను. పుస్తకం చూపిస్తే ఆయన తల అడ్డంగా ఊపారు. "టర్బో పెట్రోల్‌లో ఆయిల్ ఉడికిపోతుంది. ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నప్పుడు కిలోమీటర్లు పెరగవు, ఆయిల్ మాత్రం కాలుతూనే ఉంటుంది. మన ఊళ్లకి ఏడెనిమిది వేలకే మార్చుకోవాలి" అన్నారు.

ఆ జాలీ నా చేతిలో ఉండగా నాకు అర్థమైంది ఒకటి. పెర్ఫార్మెన్స్, మైలేజ్ అని రెండు కొలతలు పెట్టుకుని మనం కంపెనీలను పోలుస్తున్నాం. అవార్డులు ఇచ్చేవాళ్లూ అంతే. మూడో కొలత, అంటే ఆ రెండూ ఎన్నాళ్లు నిలబడతాయన్నది, ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

ఆ అవార్డు విజేతలను వరసగా చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మొదటి ఏడాది, 1999లో, మొత్తం విజేత టొయోటా యారిస్‌లోని 1 లీటరు ఇంజన్. 68 హార్స్‌పవర్. 2016 నుంచి 2019 వరకు నాలుగేళ్లూ ఫెరారీ 3.9 లీటర్ల ట్విన్ టర్బో వి8, అంటే ఎనిమిది సిలిండర్లది. 488 జీటీబీలో అది 670 హార్స్‌పవర్. మధ్యలో 2005, 2006లో బీఎండబ్ల్యూ ఎం5లోని వి10, 507 హార్స్‌పవర్. ఈ మూడింటినీ ఒకే కుర్చీలో ఎలా కూర్చోబెడతాం? ఎడ్ల బండి పందేల్లో గెలిచిన జతనీ, పాతికేళ్లు అరక దున్నిన జతనీ పక్కపక్కన నిలబెట్టి ఏది గొప్పదంటే ఏం చెబుతాం? ఏ పనికి పెంచారో ఆ పనిని బట్టే చెప్పాలి. ఫెరారీ ఇంజనీర్లు చేసింది చిన్న పని కాదు, టర్బో పెట్టి కూడా కాలు తొక్కగానే స్పందించేలా చేయడం చాలా కష్టం. దాన్ని నేను గౌరవిస్తాను. కానీ కారు కొనుక్కోబోయేవాడు ఆ పట్టిక చూసి 'ఫలానా కంపెనీ ఇంజన్లు మంచివి' అనుకుంటే మోసపోతాడు.

2003 విజేత గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మజ్దా ఆర్‌ఎక్స్ 8లోని రెనెసిస్ రోటరీ ఇంజన్. పిస్టన్లే ఉండవు. మూడు మూలల రోటరు కోలగా ఉండే ఒక గదిలో తిరుగుతుంది. 1.3 లీటర్లు అని రాసుకున్నా, యూరప్ మోడల్‌లో 231 హార్స్‌పవర్. మజ్దా 1991లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిందే రోటరీతో. అంత పట్టుదల ఉన్న కంపెనీ ఇంకోటి నాకు కనపడదు. కానీ రోటరీలో మంట అంటుకునే గది పొడుగ్గా, పల్చగా ఉంటుంది, పైగా కదులుతూ ఉంటుంది. వేడంతా గోడలు లాగేసుకుంటాయి, పెట్రోల్ పూర్తిగా మండదు. మూలల దగ్గరి సీళ్లు అరగకుండా ఇంజన్ ఆయిల్‌ని కూడా కొంచెం కొంచెం లోపలికి చిమ్మి కాల్చాలి. అంటే పెట్రోలూ ఎక్కువే, ఆయిలూ ఎక్కువే. కాలుష్యం రూల్స్ బిగుసుకునేసరికి 2010లో యూరప్‌లో అమ్మకాలు ఆగాయి, 2012లో తయారీ ఆగిపోయింది. అదే మజ్దా 2011లో స్కైయాక్టివ్ అని పెట్రోల్ ఇంజన్‌ని 14:1 కంప్రెషన్‌తో, అంటే లోపలి గాలిని పద్నాలుగో వంతుకు నొక్కేలా, టర్బో లేకుండా తెచ్చింది. మామూలు పెట్రోల్‌తో నడిచే కార్లలో అంత కంప్రెషన్ అప్పటిదాకా ఎవరూ తేలేదు. రోజూ నడుపుకునేవాడికి నిజంగా ఉపయోగపడింది ఇదే. మొత్తం విజేత కిరీటం మాత్రం దీనికి ఎప్పుడూ రాలేదు.

2009, 2010లో ఫోక్స్‌వ్యాగన్ 1.4 టీఎస్‌ఐ. రెండూ గాలిని బలవంతంగా లోపలికి కుక్కేవే, కింది ఆర్‌పీఎంలో సూపర్‌చార్జర్, పైన టర్బో. 2011లో ఫియట్ రెండు సిలిండర్ల ట్విన్ ఎయిర్, కాగితం మీద చెప్పిన మైలేజ్ రోడ్డు మీద రాదని యూరప్ పత్రికలు అప్పుడే రాశాయి. ఆ తర్వాత వరసగా మూడేళ్లు, 2012, 2013, 2014, ఫోర్డ్ 1 లీటరు ఎకోబూస్ట్.

ఈ ఎకోబూస్ట్ మనకు తెలిసిందే. 2013లో మన ఎకోస్పోర్ట్‌లో వచ్చింది. మూడు సిలిండర్లు, 999 సీసీ, 125 హార్స్‌పవర్. ఇంజన్ బ్లాకుని ఏ4 కాగితం మీద నిలబెట్టొచ్చని ఫోర్డ్ ప్రచారం చేసింది, అది నిజమే. చిన్న ఇంజన్‌కి టర్బో పెడితే మైలేజ్ ఎలా వస్తుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పెద్ద పెట్రోల్ ఇంజన్‌ని నెమ్మదిగా నడిపేటప్పుడు గాలి దారిని సగం మూసేసి నడుపుతాం. ముక్కు మూసుకుని పరిగెత్తినట్టు, ఆ గాలి పీల్చుకోవడానికే కొంత శక్తి పోతుంది. చిన్న ఇంజన్ అయితే అదే పనికి దారి ఎక్కువ తెరుచుకుని ఉంటుంది, ఆ నష్టం తగ్గుతుంది. పరీక్షలో కారుని మెల్లగా నడుపుతారు కాబట్టి అక్కడ అంకె బాగా వస్తుంది. కానీ మనం కాలు గట్టిగా తొక్కితే టర్బో గాలి కుక్కుతుంది, లోపల వేడి పెరుగుతుంది, ఆ వేడిని తగ్గించడానికి కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోల్ చిమ్ముతుంది. చల్లార్చడానికి పోసే పెట్రోల్ అది, బండిని కదిలించదు. టర్బో పెట్రోల్ బండ్లు ఒకరి చేతిలో 17, ఇంకొకరి చేతిలో 10 ఇవ్వడానికి అసలు కారణం ఇదే. నా డ్రైవింగ్ మార్చుకోమన్నవాళ్లు ఈ మాట కొనక ముందు చెప్పి ఉండాల్సింది.

ఎకోబూస్ట్‌లో ఇంకో తెలివైన పని చేశారు. వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే టైమింగ్ బెల్టుని ఆయిల్‌లో తడిసేలా ఇంజన్ లోపలే పెట్టారు. రాపిడి తక్కువ, చప్పుడు తక్కువ, మైలేజ్‌లో పిసరంత లాభం. కానీ రబ్బరు బెల్టు ఏళ్ల తరబడి వేడి ఆయిల్‌లో నానితే ఏమవుతుంది? దగ్గరి దూరాలకే తిప్పే బండ్లలో కొంత పెట్రోల్ జారి ఆయిల్‌లో కలుస్తుంది, అది రబ్బరుని ఇంకా పాడుచేస్తుంది. రేణువులు రాలి వెళ్లేది ఆ జాలీ దగ్గరికే. 2023 డిసెంబర్‌లో ఫోర్డ్ అమెరికాలో సుమారు 1 లక్షా 40 వేల కార్లను వెనక్కి పిలిచింది. అలాగే ఆయిల్‌లో తడిసే, ఆయిల్ పంపు తిప్పే బెల్టు పళ్లు ఊడటం, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ విరగడం వల్ల ఆయిల్ ఒత్తిడి పోయి ఇంజన్ పట్టేసే ప్రమాదం ఉందని. ఆ జాబితాలో 2016 నుంచి 2018 ఫోకస్‌లు, 2018 నుంచి 2022 ఎకోస్పోర్ట్‌లు. ఆ ఎకోస్పోర్ట్‌లు చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో తయారై ఓడెక్కినవి.

ఫోర్డ్ ఒక్కటే కాదు. ప్యూజో, సిట్రోయెన్ కార్లలో వచ్చిన 1.2 ప్యూర్‌టెక్ టర్బో 2015 నుంచి 2018 దాకా వరసగా నాలుగేళ్లు తన విభాగంలో గెలిచింది. అందులోనూ ఆయిల్‌లో తడిసే బెల్టే. యూరప్‌లో వేలమంది గోల పెట్టాక, 2024లో వాటి మాతృసంస్థ స్టెల్లాంటిస్ ఆ ఇంజన్‌కి 10 ఏళ్లు లేదా 1,75,000 కిలోమీటర్ల వరకు గ్యారంటీ పెంచాల్సి వచ్చింది. రెండు కంపెనీలు, ఒకే ఆలోచన, రెండిటికీ కలిపి నేను చెప్పినవే ఏడు ట్రోఫీలు, చివరికి రెండూ ఆ తడి బెల్టు దగ్గరే చిక్కుకున్నాయి. ఫోర్డ్ తర్వాతి మోడళ్లలో టైమింగ్‌కి చైన్ పెట్టుకుంది.

జర్నలిస్టులకు ఇదంతా ముందే తెలియదు కదా అంటారు. తెలియదు, ఒప్పుకుంటాను. కానీ వాళ్లు మెచ్చుకున్న గుణమే తర్వాత జబ్బుగా మారింది. రాపిడి తగ్గించిన బెల్టే రాలిపోయింది. కొత్తదనానికి మార్కులు వేసినప్పుడు, 'ఇది పదేళ్ల తర్వాత తేలుతుంది' అని ఒక్క వాక్యం రాయలేదు. అమెరికాలో వార్డ్స్ పత్రిక 1995 మోడళ్ల నుంచి ఏటా 10 మేటి ఇంజన్ల జాబితా ఇస్తోంది. అందులో నిస్సాన్ వీక్యూ వి6 వరసగా 14 ఏళ్లు, 2008 దాకా నిలిచింది. ఏటేటా మళ్లీ పోటీకి నిలబడి గెలవడం నాకు కొంచెం ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. అది కూడా పాత బండిని చూసి ఇచ్చింది కాదు, ఆ ఏడాది కొత్త బండిని చూసి ఇచ్చిందే.

ఇక మైలేజ్ అంకెల సంగతి. మన దేశంలో ఆ అంకె కోసం కారుని రోలర్ల మీద ఎక్కించి, సుమారు 20 నిమిషాలు, గంటకు 90 దాటకుండా, ఏసీ ఆపేసి నడుపుతారు. ఒకే పరీక్ష అందరికీ పెడితే కంపెనీలను పోల్చుకోవడానికి పనికొస్తుంది, నాకు అభ్యంతరం లేదు. ఆ పరీక్షకే ఇంజన్‌ని తయారుచేస్తే ఏం చేయాలి? 2012 జనవరిలో హ్యుందాయ్ ఎలాంట్రాకి ఉత్తర అమెరికా 'కార్ ఆఫ్ ది ఇయర్' వచ్చింది. హైవేలో గాలన్‌కు 40 మైళ్లు అన్నది దాని పెద్ద ప్రచారం. అదే ఏడాది నవంబర్‌లో, కొలతల్లో తప్పు జరిగిందని హ్యుందాయ్, కియా ఒప్పుకుని అంకెలు తగ్గించాయి. ఎలాంట్రా 40 కాస్తా 38 అయింది. కొన్నవాళ్లకు పెట్రోల్ తేడాకి డెబిట్ కార్డులు పంపారు. అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లలో కొందరికి ఆ కార్డులు గుర్తుండే ఉంటాయి. 2014లో 10 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

అంతకన్నా పెద్దది 2015 సెప్టెంబర్‌లో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ బాగోతం. పరీక్ష జరుగుతోందని కనిపెట్టి, అప్పుడు మాత్రమే పొగ శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు కొన్ని కార్లలో పరిమితికి 40 రెట్ల దాకా. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటీ 10 లక్షల కార్లు. మొదట తేడా పట్టుకున్నది పెద్ద సంస్థలేం కాదు, వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు డిక్కీలో పరికరాలు పెట్టుకుని కాలిఫోర్నియాలో రోడ్ల మీద తిప్పి కొలిచారు. ఆ డీజిల్ కార్లలోనివే అయిన జెట్టా టీడీఐకి 2009 ఏడాదికి, ఆడి ఏ3 టీడీఐకి 2010 ఏడాదికి 'గ్రీన్ కార్ ఆఫ్ ది ఇయర్' అవార్డులు ఇచ్చిన పత్రిక 2015లో వాటిని వెనక్కి తీసుకుంది. ఇచ్చిన అవార్డు వెనక్కి తీసుకోవడానికి ధైర్యం కావాలి. ఆ పని మిగతావాళ్లూ చేయాలని నా కోరిక.

ఇన్ని చెప్పాక, కంపెనీలను పోల్చమంటే నా తీర్పు నేను చెబుతాను. మైలేజ్‌లో టొయోటాకి సాటి లేదు. 2004లో ప్రియస్ 1.5 హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజన్‌కి తోడు కరెంటు మోటార్ ఉన్నది, మొత్తం విజేత అయినప్పుడు చాలామంది దాన్ని ప్రయోగంగా చూశారు. వాళ్లు ఇరవై ఏళ్లు అదే దారిలో నడిచారు. ఆ ఇంజన్‌లో గాలి వాల్వుని ఆలస్యంగా మూస్తారు, లోపలికి వచ్చిన గాలి కొంత వెనక్కి వెళ్లిపోతుంది. నొక్కేది తక్కువ, మంట తర్వాత వ్యాకోచించేది ఎక్కువ. బలం తగ్గుతుంది, ఆ లోటుని మోటార్ పూడుస్తుంది. వంద రూపాయల పెట్రోల్ పోస్తే మామూలు ఇంజన్ తన మంచి స్థితిలో ముప్పై అయిదు రూపాయల పని చేస్తే గొప్ప. 2015 ప్రియస్‌లో టొయోటా 40కి చేరింది, ఆ తర్వాత క్యామ్రీ 2.5 హైబ్రిడ్‌లో 41కి. మిగతా 59 రూపాయలు ఇప్పటికీ వేడిగా పోతున్నాయి, రేడియేటర్ నుంచీ సైలెన్సర్ నుంచీ. ఆ ఆరు రూపాయలు అదనంగా పట్టుకోవడానికి వందేళ్ల ఇంజనీరింగు పట్టింది. మన దగ్గర హైరైడర్ హైబ్రిడ్‌కి 27.97 సర్టిఫికెట్ వచ్చిందంటే దాని వెనక ఈ కథంతా ఉంది. టొయోటా వాళ్లూ తప్పు చేయనివాళ్లేం కాదు. 2024 జనవరిలో వాళ్ల అనుబంధ కంపెనీ డీజిల్ ఇంజన్ల హార్స్‌పవర్ పరీక్షల్లో అక్రమాలు బయటపడి, 10 మోడళ్ల సరఫరా కొన్నాళ్లు ఆపారు.

రెండో స్థానం హోండాకి ఇస్తాను, కానీ వేరే కారణంతో. ఎస్2000లో 2 లీటర్ల ఇంజన్, టర్బో లేకుండా 240 హార్స్‌పవర్, 2000 నుంచి 2004 దాకా తన విభాగంలో ఐదేళ్లూ అదే గెలిచింది. అదే కంపెనీ 2000లో ఇన్‌సైట్‌లోని 1 లీటరు హైబ్రిడ్‌తో మొత్తం విజేత అయింది. ఒకే ఇంట్లో ఒకడు వస్తాదు, ఒకడు పొదుపరి. రెండూ తెలిసినవాళ్లు అరుదు. పికప్‌లో, ఇంజన్ తిరిగే నునుపులో బీఎండబ్ల్యూని దాటడం కష్టం, దాని మెయింటెనెన్స్ భరించగలిగేవాళ్లకు. ఫియట్ మనకు మల్టీజెట్ ఇచ్చి, తన పేరు మీద కార్లు అమ్ముకోలేక వెళ్లిపోయింది. ఆ కంపెనీకి మన టాక్సీవాళ్లు ఎంత రుణపడి ఉన్నారో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

కొత్తదాన్ని మెచ్చుకోకపోతే ఎవరు ప్రయోగం చేస్తారు, ప్రియస్‌ని 2004లో మెచ్చుకోకుండా 2014 దాకా ఆగాలా అని ఒక స్నేహితుడు నాతో వాదించాడు. న్యాయమైన ప్రశ్న. మెచ్చుకోండి, దానికి 'కొత్త ఆలోచన' అని అవార్డు పెట్టండి. 'మేటి ఇంజన్' అన్న మాట మాత్రం పదేళ్లు ఆగి వాడండి. లెక్కలు లేవనడానికి వీల్లేదు. జర్మనీలో ఏడీఏసీ అనే వాహనదారుల సంఘం ఏ మోడల్ రోడ్డు మీద ఎన్నిసార్లు ఆగిపోయిందో ఏటా ప్రచురిస్తుంది. అక్కడి టూఫ్ సంస్థలు పన్నెండేళ్లు దాటిన కార్ల ఫిట్‌నెస్ ఫలితాలను కూడా మోడల్ వారీగా బయటపెడతాయి. మన దగ్గర ప్రతి టాక్సీ ఫిట్‌నెస్‌కి వెళ్తుంది, ప్రతి సర్వీస్ సెంటర్ కంప్యూటర్‌లో ఏ కిలోమీటరు దగ్గర ఏ సామాను మారిందో ఉంటుంది. ఆ వివరాలు మోడల్ వారీగా బయటపెడితే, షోరూమ్ గోడ మీద ఫొటోలు చూసి నాలాగా ఎవరూ సంతకం పెట్టరు.

బాబాయ్ ఇప్పుడు డిజైర్ ఇచ్చేసి హైబ్రిడ్ తీసుకుందామనుకుంటున్నాడు. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లోనే హైబ్రిడ్‌కి ఎక్కువ లాభమని నేనే చెప్పాను, బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తి బ్యాటరీకి తిరిగొస్తుంది కాబట్టి. టెస్ట్ డ్రైవ్‌కి నోట్‌బుక్ పట్టుకునే వెళ్లాడు. బండి నచ్చింది. అడ్వాన్స్ మాత్రం ఇవ్వలేదు. "మూడు లక్షలు తిరిగిన బండి ఒకటి చూపించండి, ఆ డ్రైవర్‌తో మాట్లాడి వస్తా" అన్నాడట. వాళ్ల దగ్గర లేదు. ఆటోనగర్‌లో మేస్త్రి గారిని అడిగాడు, ఆయన దగ్గరకూ ఇంకా రాలేదు.

ఇది చదివేవాళ్లలో ఎవరి దగ్గరైనా రెండు లక్షలు దాటిన హైబ్రిడ్ ఉంటే రాయండి. మీటరు ఎంత, బ్యాటరీ మార్చారా, ఆయిల్ ఎన్ని వేలకు మారుస్తున్నారు, ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి ఎంత ఇస్తోంది. కొత్తలో ఎంత ఇచ్చేదో కూడా రాసి పెట్టుకుని ఉంటే అదీ పంపండి. బాబాయ్‌కి చదివి వినిపిస్తాను.